నాన్నగారి తలలో ఉన్న గోడౌన్

ప్రశ్న: మాది తెనాలి దగ్గర హోల్‌సేల్ కిరాణా వ్యాపారం. బియ్యం, పప్పులు, నూనె, సబ్బులు, టీ పొడి, బిస్కెట్లు, అగరుబత్తులు కలిపి 300 పైగా రకాలు. గోడౌన్ 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. ముప్ఫై ఏళ్లు నాన్నగారు ఒక్కరే చూసుకున్నారు. ఏ బస్తా ఎక్కడ ఉందో, ఎప్పుడు వచ్చిందో కాగితం చూడకుండా చెప్పేవారు. సంక్రాంతి తర్వాత ఆయనకు గుండె ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి నేనే చూస్తున్నాను. రెండుసార్లు సరుకు లెక్కపెట్టాం, రెండుసార్లూ పుస్తకానికీ గోడౌన్‌కూ పొంతన లేదు. వెనక మూలలో గడువు తీరిన బిస్కెట్లు 40 కేసులు బయటపడ్డాయి. పొద్దున్నే రెండు వ్యాన్లు నింపడానికి మూడు గంటలు పడుతోంది. మా పాత గుమాస్తా మీద బంధువులు అనుమానపడుతున్నారు. ఒక కంపెనీ వారు తమ సాఫ్ట్‌వేరు కొంటే అన్నీ సర్దుకుంటాయని, లక్షా ఎనభై వేలు అవుతుందని అంటున్నారు. కొనమంటారా? నా పేరు వేయవద్దు.

సమాధానం:

అమ్మా,

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఇప్పుడు కొనవద్దు. ఆ కంపెనీ మనిషి అబద్ధమాడుతున్నాడని అనను. కానీ ఆ సాఫ్ట్‌వేరు మిమ్మల్ని మొట్టమొదట అడిగేది "ఈ సరుకు ఎక్కడ ఉంది?" అని. "వెనకాల, కుడిపక్క, నూనె డబ్బాల అవతల" అంటే కంప్యూటర్‌కు అర్థం కాదు. నిన్న చేరిన కుర్రాడికీ అర్థం కాదు. అది మీ నాన్నగారికి ఒక్కరికే తెలిసిన భాష.

ఆయన కాగితం చూడకుండా చెప్పేవారని గొప్పగా రాశారు. గొప్పే, కాదనను. మీ గోడౌన్ జబ్బు కూడా అదే. ముప్ఫై ఏళ్లుగా అది రెండు చోట్ల ఉంది: ఒకటి తెనాలి దగ్గర సిమెంటు నేల మీద, రెండోది ఆయన తలలో. రెండోది ఆసుపత్రికి వెళ్లగానే మొదటిదానికి దిక్కు లేకపోయింది. తలలో ఉన్న ఆ గోడౌన్‌ను ఇప్పుడు గోడ మీదికి ఎక్కించాలి. దానికి ఒక రంగు డబ్బా, కుంచె, 300 అట్టముక్కలు చాలు.

ఒక ఆదివారం గోడౌన్ మూసి ఈ పని మొదలుపెట్టండి. పొడవునా ఐదు వరుసలు అనుకుని నేల మీద పసుపు గీతలు కొట్టించండి. వరుసలకు ఇంగ్లీషు అక్షరాలు పెట్టవద్దు. ఫోనులో బి, డి, పి, టి అన్నీ ఒకేలా వినబడతాయి, హమాలీ బి అంటే మీరు డి అని రాసుకుంటారు. మనకు క, చ, ట, త, ప ఉన్నాయి కదా. గోడ మీద జానెడు ఎత్తున రాయించండి. ఒక్కో వరుసను అడ్డంగా పది గళ్లు చేయండి. ర్యాకులు ఉన్నచోట కింది అర 1, పైది 2, ఆపైది 3. ఇక మీ గోడౌన్‌లో "చ-4-2" అంటే ఒకే ఒక్క చోటు. గుమాస్తా సెలవు పెట్టినా, మేస్త్రీ మారినా, కరెంటు పోయి టార్చిలైటుతో వెతికినా అదే చోటు. చోటుకు పేరు పెట్టాక సరుకుకు చిరునామా దొరుకుతుంది. అది రాసిన రోజున మీ గోడౌన్ సగం బాగుపడినట్టే.

మధ్యలో ఒక మాట. గోడౌన్ అన్నది ఇంగ్లీషు మాట అనుకుంటాం. అది మలయా భాషలోని "గదోంగ్" నుంచి ఇంగ్లీషుకు వెళ్లిందని, ఆ మలయా మాటకు మూలం మన గిడ్డంగి గానీ, తమిళ "కిడంగు" గానీ కావచ్చని పాత నిఘంటుకారులు రాశారు. ఓడెక్కి పోయిన మాట దొరల నోట తిరిగి వచ్చిందన్నమాట. ఉద్యోగం చేసినన్నాళ్లూ గిడ్డంగుల్లోనే గడిపినవాణ్ణి, ఈ సంగతి చెప్పకుండా ఉండలేను.

ఇక లెక్క. ప్రతి గడి దగ్గర, అక్కడున్న ఒక్కో సరుకుకూ ఒక అట్ట కార్డు వేలాడాలి. దాని మీద సరుకు పేరు, తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది, సంతకం. కార్డుకు పురికొసతో ఒక పెన్సిలు కట్టండి. పెన్ను కడితే సాయంత్రానికి ఎవరి జేబులోనో ఉంటుంది. బస్తా కదిలిన నిమిషంలో, కదిలిన చోటనే రాయాలి. మీరు రాయలేదు గానీ, మీ గుమాస్తా సాయంత్రం ఆరు తర్వాత కూర్చుని ఆ రోజు చలానాలన్నీ ఒకేసారి ఎక్కిస్తూ ఉండి ఉంటారు. పొద్దున వచ్చి మధ్యాహ్నమే పోయిన సరుకు ఆ పుస్తకంలో ఎన్ని రూపాలెత్తుతుందో చెప్పలేం.

ఆయన మీద అనుమానం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. తేడాలు రెండు రకాలు. రాతలో పొరపాటు రెండు వైపులా పోతుంది: కందిపప్పు మూడు బస్తాలు తక్కువ, మినపప్పు రెండు ఎక్కువ, ఈ నెల తగ్గిన సబ్బు వచ్చే నెల పెరుగుతుంది. దొంగతనం ఒక్కవైపే పోతుంది. ఒకే సరుకు, అదీ చిన్నది, ఖరీదైనది, బయట తేలిగ్గా అమ్ముడయ్యేది, ప్రతిసారీ తగ్గుతూనే ఉంటుంది, ఎప్పుడూ పెరగదు. మీరు రెండుసార్లు లెక్కపెట్టిన కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువా తక్కువా కలిసి ఉంటే ఆ పెద్దాయనను నిందించకండి. టీ పొడో, జీడిపప్పో రెండుసార్లూ తగ్గి ఉంటే, అప్పుడు కూడా ముందు ఆ సరుకును తాళం గదిలోకి మార్చండి, మనుషుల సంగతి ఆ తర్వాత.

మీ వ్యాపారంలో రాత తప్పులు ఎక్కడ పుడతాయో నేను ఊహించగలను. కంపెనీ బిల్లు కేసుల్లో వస్తుంది, మీరు అమ్మేది డజన్లలో, చిల్లర కొట్టు అతను తిరిగి ఇచ్చేది విడిగా. మూడు కొలతలు ఒకే గడిలో రాస్తే లెక్క కుదరదు. ప్రతి సరుకుకూ ఒకే కొలత ఖాయం చేసి కార్డు పైభాగాన రాయండి: కేసుకు 24, అంతే. రెండోది ఉచితం సరుకు. పది కేసులకు ఒకటి ఉచితం అని కంపెనీ పంపుతుంది, దానికి డబ్బు లేదు కాబట్టి పుస్తకంలోకి రాదు, గోడౌన్‌లోకి మాత్రం వస్తుంది. మూడోది వ్యానులో తిరిగి వచ్చిన సరుకు. రాత్రి ఎనిమిదింటికి దింపి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టి వెళ్లిపోతారు. తలుపు పక్కన ఒక గడిని ఎర్ర గీతతో వేరు చేయండి. వచ్చిన సరుకు, తిరిగి వచ్చిన సరుకు ముందు అక్కడే ఆగాలి. చలానాతో సరిచూసి, తడిసినవి, చిరిగినవి పక్కకు తీసి, కార్డులో రాశాకే లోపలికి అడుగు పెట్టాలి. లారీ డ్రైవరు తొందర పెడతాడు. పెట్టనివ్వండి. తగ్గిన కేసుల సంగతి అతని ముందే చలానా మీద రాసి సంతకం తీసుకోకపోతే తర్వాత ఎవరూ మీ మాట వినరు.

బస్తాలు లెక్కపెట్టడం వేరే విద్య. నెట్టు, అంటే బస్తాల దొంతర, ఒకే తీరున కట్టించాలి: వరుసకు 10, ఎత్తు 12, మొత్తం 120. కింది వరుస అడ్డం పేరిస్తే పై వరుస నిలువు, అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వరుసకు పది నిండకపోతే ఆ కొరత ఎప్పుడూ పై వరుసలోనే ఉండాలి, మధ్యలో ఉండకూడదు. అప్పుడు లెక్కపెట్టడమంటే గుణించడమే.

కానీ గుణించి ఊరుకోకండి. నా ఉద్యోగం కొత్తలో ఒక గోడౌన్ అప్పగింతలు తీసుకున్నాను. బియ్యం నెట్టు చుట్టూ తిరిగి, పొడవు వెడల్పు ఎత్తు గుణించాను, పుస్తకంతో సరిపోయింది, సంతకం పెట్టాను. రెండు నెలల తర్వాత పై వరుస దింపుతుంటే ఒక హమాలీ ఉన్నట్టుండి నడుము దాకా లోపలికి దిగబడిపోయాడు. నెట్టు నడుమ బావి ఉంది. నాకు ముందు ఎవరో మధ్యలోని బస్తాలు తోడుకుని, పైన చెక్కలు పరిచి, వాటి మీద ఒక వరుస బస్తాలు సర్ది వెళ్లారు. అతనికి దెబ్బలు తగలలేదు గానీ, నా సంతకం మాత్రం నా చేత రెండేళ్లు సంజాయిషీలు రాయించింది. ఆ రోజు నుంచి నిచ్చెన ఎక్కి పైనుంచి చూడకుండా నేను ఏ నెట్టునూ ఒప్పుకోలేదు. మీరు కూడా ఎక్కి చూడండి. చీర అడ్డం అనుకుంటే ఆ పూటకు చుడీదారు వేసుకుని వెళ్లండి. యజమాని నిచ్చెన ఎక్కుతుందని తెలిస్తే చాలా బావులు తవ్వకుండానే ఆగిపోతాయి.

ఏడాదికోసారి వ్యాపారం మూసి మొత్తం లెక్కపెట్టే పద్ధతి మానేయండి. రోజుకు పది కార్డులు చాలు. పొద్దున వ్యాన్లు వెళ్లాక అరగంటలో అయిపోతుంది. ఆదివారాలు, సెలవులు పోను నెలా పది రోజుల్లో 300 రకాలూ ఒక చుట్టు వస్తాయి. తేడా కనబడితే అది మొన్నటిదే కాబట్టి కారణం ఎవరికైనా గుర్తుంటుంది. ఏడాది కిందటి తేడాకు కారణం చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. మీకు బ్యాంకులో సరుకును హామీగా చూపి అప్పు వాడుకునే క్యాష్ క్రెడిట్ ఖాతా ఉండే ఉంటుంది, నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు పంపుతూ ఉంటారు. గోడౌన్‌లో లేని సరుకు ఆ కాగితంలో ఉండగా తనిఖీకి వస్తే అప్పు పరిమితికే గండి. ఈ పది కార్డుల అలవాటు అందుకు కూడా పనికొస్తుంది.

బిస్కెట్ల దగ్గరకు వద్దాం. ముందు వచ్చినది ముందు పోవాలి అన్నది అందరికీ తెలిసిన సూత్రమే. అది ఎందుకు తప్పుతుందంటే, కొత్త సరుకును పాతదాని ముందు పెడతాం కాబట్టి. హమాలీ దగ్గరగా ఉన్నది తీస్తాడు, తప్పు అతనిది కాదు. గడికి రెండు వైపులా దారి ఉంటే ఒకవైపు పెట్టి రెండోవైపు తీయించండి. దారి లేకపోతే కొత్త లాట్టు వచ్చినప్పుడు పాతది ముందుకు జరపాలి. ఆ కూలి దండగ అనిపిస్తుంది, 40 కేసులతో పోల్చి చూసుకోండి. తేదీ వేసిన తినే సరుకులకైతే గడువు ముందు తీరేదే ముందు పోవాలి, అది ఎప్పుడు వచ్చిందన్నది చూడవద్దు. కంపెనీ డిపో నుంచి పాత తేదీ సరుకు కొత్త లారీలో రావడం మామూలే. కేసు మీద గడువు నెలను లావు స్కెచ్ పెన్నుతో రాయిస్తే చూడటానికి వంగనక్కరలేదు.

ఈ సూత్రానికి మన దేశంలో ఒక మినహాయింపు ఉంది, బియ్యం. సోనామసూరి పాతబడితే ధర పెరుగుతుంది. కాబట్టి బియ్యం కార్డు మీద ఏ పంటదో, ఏ నెల వచ్చిందో తప్పకుండా రాసి, పాతది ఎవరికి, ఎంతకు అన్నది మీరే నిర్ణయించండి. హమాలీ చేతికి అందిన బస్తా పంపితే పాత బియ్యం కొత్త ధరకు పోతుంది. పప్పుకు ఆ భోగం లేదు, దానికి పాతబడటమంటే పురుగు పట్టడమే.

బయటపడిన 40 కేసులను ఈ రోజే వేరే గడిలోకి మార్చి "అమ్మకానికి కాదు" అని బోర్డు పెట్టండి. కంపెనీ వెనక్కి తీసుకుంటుందేమో ముందు అడగండి. తీసుకోకపోతే నాశనం చేయాల్సిందే. అలా చేసినప్పుడు వాటి మీద మీరు వాడుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న మినహాయింపును, తిరిగి కట్టాలి. చట్టంలో 17వ సెక్షను, 5వ ఉపవిభాగం ఈ సంగతి చెబుతుంది. మన వ్యాపారుల్లో చాలామంది పారేసి ఊరుకుంటారు, ఆడిట్‌లో నోటీసు వచ్చాక ఉలిక్కిపడతారు. మీ ఆడిటరుకు ఈ నెలలోనే చెప్పండి.

వ్యాన్లకు మూడు గంటలు పట్టడం గురించి. రేపు పొద్దున ఒక స్టూలు వేసుకుని తలుపు దగ్గర కూర్చోండి, ఏమీ అనకండి. తెల్లకాగితం మీద గోడౌన్ బొమ్మ గీసి, ఒక్క హమాలీ నడిచిన దారి మాత్రం పెన్సిలుతో గీస్తూ పోండి. గంట తర్వాత ఆ కాగితం చూస్తే కోడి కెలికినట్టు ఉంటుంది. అతను బరువు మోస్తున్నది కొంతసేపే, మిగిలినదంతా నడక, వెతుకులాట. ఇక గత మూడు నెలల బిల్లులు తీసి ఏ సరుకు ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో లెక్కవేయండి. ఎంత విలువ అని కాదు, ఎన్నిసార్లు అని. 300 రకాల్లో ఏ యాభయ్యో అరవయ్యో రోజూ తలుపు దాటుతుంటాయి. మిగిలినవి వారానికో నెలకో. రోజూ పోయేవి క వరుసలో, తలుపుకు దగ్గరగా, నడుము ఎత్తులో ఉండాలి. ఏడాదికోసారి పోయే దీపావళి సరుకు ప వరుస చివరకు వెళ్లాలి. ఇప్పుడు బహుశా తలకిందులుగా ఉండి ఉంటుంది. ఎందుకంటే అందరం కొత్తగా వచ్చినదాన్ని ఖాళీ ఉన్నచోట పెడతాం, ఖాళీ ఉండేది తలుపు దగ్గరే.

వ్యాను నింపే ముందు రాత్రే మరునాటి ఆర్డర్లు ఊరి వరుసన పేర్చి, ఒకే సరుకు అడిగిన కొట్లన్నిటికీ కలిపి ఒకేసారి తీయించండి. పది కొట్లకు పది సార్లు సబ్బుల దగ్గరకు వెళ్లనక్కరలేదు. చివర దింపే ఊరి సరుకు ముందు ఎక్కాలి. ఈ రెండూ పాటిస్తే గంటన్నరలో అయిపోతుందని నా అంచనా.

ఏది ఎక్కడ పెట్టాలన్నది మీరొక్కరే నిర్ణయించకండి. హమాలీల ముఠా మేస్త్రీని కూర్చోబెట్టి అడగండి. ఏ మలుపులో తోపుడు బండి తిరగదో, ఏ రేకు కింద వాన కారుతుందో ఆయనకు తెలిసినంత మీకూ నాకూ తెలియదు. ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినవద్దు: నెట్టు మధ్యలోంచి బస్తా లాగడం. తొందరలో అందరూ చేస్తారు, నెట్టు మీద పడేది అప్పుడే. పైనుంచి మెట్లు మెట్లుగా దించాల్సిందే. నూనె అట్టపెట్టెలను, పెట్టె మీద ఎన్ని వరుసలని అచ్చు వేశారో అంతకు మించి పేర్చవద్దు. వానాకాలం చెమ్మకు కింది పెట్టె మెత్తబడి మొత్తం ఒరిగిపోతుంది.

సబ్బులు, అగరుబత్తులు, కర్పూరం ఒక కొసన, టీ పొడి, బియ్యం, పిండి మరో కొసన ఉంచండి. అగరుబత్తి వాసన వచ్చే టీ ఎవరూ తాగరు. చింతపండు, ఎండుమిర్చి ఎక్కువగా కొంటే వేసవికి ముందే కోల్డ్ స్టోరేజీకి పంపండి, రేకుల గోడౌన్‌లో చింతపండు నల్లబడుతుంది, మిర్చి రంగు పోతుంది. బెల్లం సంగతి మీకు చెప్పనక్కరలేదు, తెనాలి వానలు చెబుతాయి. ఏ బస్తానూ నేల మీద పెట్టవద్దు, కింద చెక్క పలకలు ఉండాలి. గోడకు రెండడుగులు వదలండి. ఆ సందులో మనిషి నడవగలగాలి, పిల్లి కూడా. ఎలుక పెంటిక, చెద గీత, కారిన చెమ్మ కనబడేది ఆ సందులోనే.

పురుగుకు పొగ పెట్టించే విషయంలో పొదుపు వద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు బయట ఎవరో తెచ్చి ఇస్తామంటారు. అది అనుమతి ఉన్న సంస్థల చేతికే ఇవ్వాల్సిన మందు. దాని నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పురుగునూ మనిషినీ వేరుగా చూడదు. పని లైసెన్సు ఉన్నవారికే అప్పగించండి. వారు తెరవమనేదాకా గోడౌన్ తెరవవద్దు. కాపలా మనిషి పక్క గదిలో పడుకుంటుంటే ఆ రోజుల్లో ఇంటికి పంపేయండి.

సాఫ్ట్‌వేరు ఎప్పుడు కొనాలి? రోజూ పది కార్డులు చూస్తూ వరుసగా ఆరు వారాలు తేడా వేళ్ల మీద లెక్కపెట్టేంతకు తగ్గినప్పుడు. అప్పుడు కూడా ముందు మీ కంప్యూటర్‌లో ఉన్న మామూలు పట్టికలోకి ఎక్కించి మూడు నెలలు నడపండి. అది చాలడం లేదని, ఏ పని దగ్గర చాలడం లేదని మీరే చెప్పగలిగిన రోజున ఆ కంపెనీ మనిషిని పిలవండి. గడువు దగ్గరపడిన సరుకు జాబితా రోజూ దానంతట అదే ఇస్తుందా, ఇంటర్నెట్ లేకపోతే పనిచేస్తుందా, మానేస్తే మన లెక్కలు మనకు తిరిగి ఇస్తారా అని అడగండి. ధర గురించి అప్పుడు బేరమాడవచ్చు.

మరొక్క పని. గడులు గీసి, ఏది ఎక్కడో నిర్ణయించాక, రంగు వేయకముందు ఆ బొమ్మ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లి నాన్నగారి చేతిలో పెట్టండి. గుండె ఆపరేషన్ అయినవారికి చెప్పవచ్చా అని సందేహించకండి, ఆయనకు ఇప్పుడు మందుల వేళలు తప్ప వేరే లెక్క లేకుండా పోయింది. కాగితం చూసి, ఏదో ఒక గడి మీద వేలు పెట్టి "ఇక్కడ పప్పు పెట్టవద్దు" అంటారు. ఎందుకో అడిగి, ఆ గడి కార్డు వెనక రాసుకోండి.